గర్భస్థ శిశువు రక్తప్రసరణ - డాప్లర్ పరీక్ష

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలోని నిమ్మాడ జాతీయ రహదారి మీద ఉన్న గ్రామం. కోల్‌కతా, చెన్నై నగరాల మధ్య తిరిగే లారీలు రాత్రింబవళ్లు ఆ కూడలిని దాటిపోతుంటాయి. రోడ్డు పక్కన నిలబడినవారు కళ్లు మూసుకొని కూడా ఒక సంగతి చెప్పగలరు. హారను మోగిస్తున్న లారీ దగ్గరకు వస్తున్నదా, దూరంగా పోతున్నదా అన్నది వారికి తెలిసిపోతుంది. వచ్చేటప్పుడు ఆ హారను కీచుగా, హెచ్చుస్థాయిలో వినిపిస్తుంది. మనల్ని దాటిన మరుక్షణం అదే హారను బొంగురుపోయినట్లు దిగిపోతుంది. డ్రైవరు హారనును మార్చలేదు. మారింది మన చెవికి సెకనుకు చేరే తరంగాల సంఖ్య.

లెక్క వేసి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. హారను పౌనఃపున్యం సెకనుకు 400 కంపనాలు, లారీ వేగం గంటకు 72 కిలోమీటర్లు, గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకొందాం. లారీ ఎదురుగా వస్తున్నప్పుడు మన చెవికి సెకనుకు 425 కంపనాలు చేరుతాయి. దాటి వెళ్లిన తరువాత సుమారు 378 మాత్రమే చేరుతాయి. ఈ తేడాను బట్టి లారీ వేగాన్ని కనుక్కోవచ్చు. కదిలే వస్తువును చూడకుండా, తాకకుండా, దాని నుంచి వచ్చే తరంగాన్ని బట్టి దాని వేగాన్ని తెలుసుకోవచ్చునన్న ఈ ఒక్క భావన మీదనే, తల్లి గర్భంలో ఉన్న శిశువుకు రక్తం ఎలా అందుతున్నదో తెలిపే పరీక్ష ఆధారపడి ఉంది.

ఈ సూత్రాన్ని 1842లో ప్రేగ్ నగరంలో ప్రతిపాదించినవాడు క్రిస్టియన్ డాప్లర్. ఆయన ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్‌లో 1803లో జన్మించాడు. ఆయన ఆలోచించింది వైద్యం గురించి కాదు, ఆకాశంలో ఒకదాని చుట్టూ మరొకటి తిరిగే జంట నక్షత్రాల రంగుల గురించి. నక్షత్రాల రంగులకు వాటి చలనమే కారణమని ఆయన వేసిన అంచనా నిలువలేదు. సూత్రం మాత్రం నిలిచింది. 1845లో హాలెండు శాస్త్రవేత్త బైస్ బాలట్ రైలుబండి మీద బూరలు ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం గలవారిని నిలబెట్టి, ధ్వని విషయంలో డాప్లర్ చెప్పింది నిజమేనని నిరూపించాడు. ఆ రోజుల్లో మనిషి చేతికి అందిన అతి వేగవంతమైన వాహనం రైలే మరి!

నక్షత్రాల నుంచి గర్భాశయం దాకా రావడానికి ఈ సూత్రానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1950వ దశకంలో జపాను దేశంలోని ఒసాకాలో షిగెయో సతొమురా అతిధ్వనుల సాయంతో గుండె కదలికలను డాప్లర్ పద్ధతిలో గుర్తించాడు. 1958లో గ్లాస్గో నగరంలో ఇయన్ డొనాల్డ్ బృందం అతిధ్వనులతో ఉదరభాగాన్ని చిత్రించే పద్ధతిని ప్రకటించింది. నేడు మనం స్కానింగు అని పిలుస్తున్న పరీక్షకు అది నాంది. 1977లో ఐర్లాండు రాజధాని డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ అనే ఇద్దరు వైద్యులు ఈ రెండు మార్గాలను కలిపి, గర్భస్థ శిశువు బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని తల్లికి గాయం చేయకుండా గుర్తించవచ్చునని చూపారు.

సాధారణ స్కానింగుకూ డాప్లర్ పరీక్షకూ గల భేదాన్ని ఇక్కడే గ్రహించాలి. స్కానింగు శిశువు రూపాన్ని చూపుతుంది. తల ఎంత, తొడ ఎముక ఎంత, బరువు సుమారు ఎంత అని చెబుతుంది. గుండె కొట్టుకొంటున్నదా లేదా అన్నది కూడా తెలుస్తుంది. కాని వంశధార ఎడమ కాలువ కింద సేద్యం చేసే టెక్కలి, పలాస ప్రాంతాల రైతుకు ఒక విషయం బాగా తెలుసు. గొట్టా బ్యారేజి వద్ద కాలువ నిండుగా కనిపించినంత మాత్రాన శివారు చేను తడిసిందని చెప్పలేము. కాలువ ఉండటం వేరు, నీరు పారడం వేరు, పారిన నీరు చివరి మడికి చేరడం వేరు. గుండె కొట్టుకొంటున్న శిశువు కూడా ఆకలితో ఉండవచ్చు. ఆ ఆకలిని పసిగట్టేది డాప్లర్ పరీక్ష.

శిశువు గర్భంలో ఉన్నంత కాలం ఊపిరితిత్తులతో శ్వాసించదు, నోటితో ఆహారం తీసుకోదు. ప్రాణవాయువు, పోషకాలు రెండూ జరాయువు ద్వారానే అందాలి. జరాయువునే మన ఇళ్లలో మాయ అంటారు. శిశువుకూ మాయకూ నడుమ వంతెన బొడ్డుతాడు. అందులో మామూలుగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. మన శరీరంలో ధమనులు మంచి రక్తాన్ని, సిరలు చెడు రక్తాన్ని మోస్తాయని చిన్న తరగతుల్లో చదువుకొన్నాం. బొడ్డుతాడులో ఇది తారుమారు. ధమనులు శిశువు వాడుకొన్న రక్తాన్ని మాయకు చేరుస్తాయి. ప్రాణవాయువు నింపుకొన్న రక్తాన్ని సిర తిరిగి తెస్తుంది. ధమని అన్న పేరు రక్తం శుద్ధతను బట్టి వచ్చింది కాదు. గుండె నుంచి బయటకు పోయే నాళం ధమని, గుండెకు వచ్చే నాళం సిర. అంతే.

మాయలో ఆ రెండు ధమనులు చెట్టు కొమ్మల వలె చీలి, చీలి, వెంట్రుకల కన్న సన్నని నాళాలై వ్యాపిస్తాయి. వాటి చుట్టూ తల్లి రక్తం నిండి ఉంటుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం సాధారణంగా కలిసిపోవు. పలుచని పొర కిటు ఒకటి, అటు ఒకటి ఉండి ఇచ్చిపుచ్చుకొంటాయి. ఆరోగ్యకరమైన గర్భంలో నెలలు గడిచేకొద్దీ ఈ సన్నని శాఖల సంఖ్య పెరుగుతుంది. దారులు పెరిగినకొద్దీ రక్తప్రవాహానికి ఎదురయ్యే నిరోధం తగ్గుతుంది. తల్లి వైపున కూడా ఇటువంటి ఏర్పాటే జరగాలి. గర్భాశయ గోడలోని మెలికలు తిరిగిన సన్నని ధమనులు గర్భకాలపు తొలి సగంలో వెడల్పై, ధారాళంగా రక్తాన్ని వదిలే మార్గాలుగా మారాలి. ఈ మార్పు సరిగా జరగకపోతే మాయకు రక్తం చాలదు. అటువంటి గర్భంలో బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. తల్లికి రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రొటీను పోయే గుర్రపువాతం వంటి ప్రమాద స్థితులు రావచ్చు.

ఇక కొలత సంగతికి వద్దాం. తల్లి పొట్ట మీద ఉంచిన ప్రోబ్ సెకనుకు ఉదాహరణకు 35 లక్షల కంపనాలు గల అతిధ్వనులను లోపలికి పంపుతుంది. శరీర కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు. ఆ తరంగాలు బొడ్డుతాడులో ప్రవహిస్తున్న ఎర్రరక్తకణాలకు తగిలి వెనుకకు వస్తాయి. కదులుతున్న కణం తరంగాన్ని అందుకొనేటప్పుడు ఒకసారి, తిరిగి పంపేటప్పుడు మరొకసారి దాని పౌనఃపున్యాన్ని మారుస్తుంది. అందుకే లారీ హారనులో ఒక్కసారి జరిగిన మార్పు ఇక్కడ రెండింతలవుతుంది. రక్తం సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో ప్రోబ్ వైపు నేరుగా వస్తున్నదనుకొంటే, పంపిన తరంగానికీ తిరిగి వచ్చిన తరంగానికీ భేదం సెకనుకు సుమారు 2,270 కంపనాలు.

ఈ అంకెలో ఒక అందం ఉంది. మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. 35 లక్షల కంపనాల అతిధ్వని మనకు వినపడదు, కాని రెండింటి భేదమైన 2,270 వినపడే పరిధిలోనే ఉంది. అందువల్ల ఆ భేదాన్ని స్పీకరుకు అందిస్తే చాలు, లయబద్ధమైన హోరు వినిపిస్తుంది. స్కానింగు గదిలో తల్లులు చెవులు రిక్కించి వినే శబ్దం ఇదే. అది బిడ్డ గుండె చేసే చప్పుడు కాదు, రక్తం పారే శబ్దమూ కాదు. రెండు అతిధ్వనుల నడుమ తేడాను యంత్రం మనకు వినిపిస్తున్న రూపం. యంత్రపు తెర మీద కనిపించే రంగుల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఎరుపు, నీలం రంగులు మంచి రక్తాన్ని, చెడు రక్తాన్ని తెలిపేవి కావు. సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహానికి ఎరుపు, దూరంగా పోయే ప్రవాహానికి నీలం వాడటం ఒక ఆనవాయితీ మాత్రమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రక్తం ప్రోబ్ వైపు నేరుగా వస్తేనే లెక్క పూర్తిగా సరిపోతుంది. నాళం 60 డిగ్రీల వంపులో ఉంటే భేదం సగానికి పడిపోతుంది. 90 డిగ్రీలైతే, అంటే నాళం అడ్డంగా ఉంటే, భేదం దాదాపు శూన్యం. రక్తం ప్రవహిస్తున్నా ప్రవహించనట్లే కనిపిస్తుంది. గణితంలో దీనిని కొసైన్ విలువతో చెబుతాం. బొడ్డుతాడు తాడు పేనినట్లు మెలికలు తిరిగి, ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది. అది ఏ క్షణాన ఏ కోణంలో ఉందో చెప్పడం కష్టం. కోణం తెలియనిదే వేగం తెలియదు. మరి కొలవడం ఎలా?

దీనికి దొరికిన పరిష్కారం తేలికైనది, తెలివైనది. వేగాన్నే కొలవాలని పట్టుబట్టకుండా, రెండు వేగాల నిష్పత్తిని కొలిస్తే సరిపోతుంది. గుండె సంకోచించినప్పుడు రక్తం గరిష్ఠ వేగంతో దూసుకొనిపోతుంది. గుండె సడలినప్పుడు, తరువాతి సంకోచానికి ముందు, వేగం కనిష్ఠానికి చేరుతుంది. ఈ రెండింటినీ కొలిచినప్పుడు కోణం ఒక్కటే కాబట్టి, ఒకదానిని మరొకదానితో భాగిస్తే కోణం వల్ల వచ్చిన తప్పు రెండు వైపులా కొట్టివేయబడుతుంది. బీజగణితంలో పైనా కిందా ఉన్న ఉమ్మడి రాశిని కొట్టివేయడం మీరు రోజూ చేసే పనే. ఆ పనికి ఆసుపత్రిలో ఇంత విలువ ఉన్నదని చాలామందికి తెలియదు.

ఉదాహరణకు యంత్రం ఒక శిశువు బొడ్డుధమనిలో గరిష్ఠ వేగం 50 అని, కనిష్ఠ వేగం 20 అని చూపిందనుకొందాం. గరిష్ఠం నుంచి కనిష్ఠాన్ని తీసివేసి, వచ్చినదాన్ని గరిష్ఠంతో భాగిస్తే 0.6 వస్తుంది. దీనిని నిరోధ సూచి అంటారు. మరొక శిశువుకు గరిష్ఠం 50, కనిష్ఠం 5 అయితే సూచి 0.9. మొదటి శిశువు మాయ గుండె సడలిన వేళలో కూడా రక్తాన్ని లోనికి రానిస్తున్నది. రెండవ శిశువు మాయలో దారులు మూసుకొనిపోతున్నాయి. గుండె తోసినప్పుడు మాత్రం రక్తం ముందుకు పోతున్నది, తోపు ఆగగానే ప్రవాహం దాదాపు నిలిచిపోతున్నది. కనిష్ఠం సున్నా అయితే సూచి 1 అవుతుంది. అంతకన్న విషమించితే గుండె సడలిన క్షణంలో రక్తం మాయలోకి పోవడానికి బదులు వెనుకకు, శిశువు వైపుకే తన్నుకొని వస్తుంది. గుర్రపుడెక్క పట్టి పూడిపోయిన కాలువలోకి నీరు వదిలితే అది తిరిగి ఎగదన్నినట్లన్నమాట.

ఒక అంకెను ఒంటరిగా చూసి భయపడటం గాని, నిశ్చింతగా ఉండటం గాని తగదు. నెలలు పెరిగేకొద్దీ నిరోధం తగ్గడం సహజం కనుక, 24 వారాల గర్భంలో మామూలుగా తోచే విలువ 36 వారాల గర్భంలో ఆందోళన కలిగించేది కావచ్చు. గర్భకాలాన్ని చివరి బహిష్టు తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ తేదీ గుర్తులేకపోతే, తొలి నెలల్లో స్కానింగు చేయించుకొనకపోతే, తరువాత ఎంత గొప్ప యంత్రం వాడినా లెక్క తప్పే అవకాశం ఉంటుంది.

బొడ్డుధమని తరువాత వైద్యులు చూసేది శిశువు మెదడుకు రక్తాన్ని చేర్చే మధ్య మస్తిష్క ధమనిని. ప్రాణవాయువు కొరతపడినప్పుడు శిశువు శరీరం చేసే ఏర్పాటు ఆశ్చర్యకరమైనది. కరవు రోజుల్లో ఉన్న గింజలను విత్తనానికి దాచి, మిగిలిన ఖర్చులను తగ్గించుకొన్నట్లు, శిశువు చేతులకు, కాళ్లకు, పేగులకు, మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గించి, మెదడుకు, గుండెకు పోయే నాళాలను వెడల్పు చేస్తుంది. మెదడు ధమనిలో నిరోధం తగ్గడం మంచిదే గదా అని అనిపిస్తుంది. కాని అది లోటును సూచించే చిహ్నం. కాళ్లకు, చేతులకు పోవలసిన వాటాను కోసి మెదడుకు ఇస్తున్నదంటే ఇంటిలో గింజలు తరిగిపోయాయని అర్థం. మూత్రపిండాలకు రక్తం తగ్గడం వల్ల శిశువు మూత్రం తగ్గి, దానితో ఏర్పడే ఉమ్మనీరు కూడా తగ్గుతుంది. చివరి దశలో, బొడ్డుసిర నుంచి గుండె వైపు రక్తాన్ని మళ్లించే చిన్న సిరానాళంలో కూడా ప్రవాహం దెబ్బతింటుంది. అది శిశువు గుండె అలసిపోతున్నదనడానికి గుర్తు.

మెదడు ధమనికి మరొక ఉపయోగం కూడా ఉంది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు కొన్ని సందర్భాలలో తల్లి శరీరం బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తుంది. రక్తహీనత కలిగిన శిశువు రక్తం పలుచబడి వేగంగా పరుగెడుతుంది. మెదడు ధమనిలో గరిష్ఠ వేగం ఆ వయస్సు శిశువులకు ఉండవలసిన మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే తీవ్రమైన రక్తహీనత ఉన్నట్లు అనుమానించవచ్చునని 2000లో మారి, ఆయన సహచరులు తెలిపారు. అంతకు ముందు ఈ సంగతి తెలుసుకోవడానికి పొట్టలోకి సూది గుచ్చి ఉమ్మనీటిని తీయవలసి వచ్చేది. ఈ కొలతలో మాత్రం నిష్పత్తి సరిపోదు, అసలు వేగమే కావాలి. అందుకే ప్రోబ్‌ను నాళానికి వీలైనంత నేరుగా పెట్టడంలో వైద్యుని నేర్పు కనిపిస్తుంది.

ఇంతకూ రక్తప్రవాహం తగ్గిందని తెలిసిన తరువాత చేయగలిగింది ఏమిటి? గర్భంలో ఉన్న మాయను బాగుచేసే మందు నేటికీ లేదు. వైద్యుని చేతిలో ఉన్నది కాలనిర్ణయం ఒక్కటే. బిడ్డను లోపలే ఉంచితే ఆకలి ప్రమాదం, బయటకు తీస్తే నెలలు నిండని ప్రమాదం. డాప్లర్ పరీక్ష ఈ రెండు ప్రమాదాలను తూచే త్రాసు. సూచి కొద్దిగా పెరిగి ఉంటే వారానికో, అంతకు ముందో పరీక్షను మళ్లీ చేస్తూ వేచి చూడవచ్చు. గుండె సడలినప్పుడు ప్రవాహం పూర్తిగా ఆగిపోతే తల్లిని ఆసుపత్రిలో చేర్చుకొని గమనిస్తారు. ఇతరత్రా ప్రమాదం లేకుంటే సాధారణంగా 33, 34 వారాల వరకు ఆగి కాన్పు చేస్తారు. ప్రవాహం వెనుకకు తిరిగితే 30, 32 వారాలను మించి ఆగరు. ఆ వ్యవధిలో శిశువు ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి తల్లికి స్టెరాయిడు ఇంజెక్షన్లు ఇస్తారు. అవసరమైతే శిశువు మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేటు ఇస్తారు. నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం ఉన్న చోటికి తల్లిని ముందుగానే చేరుస్తారు. పుట్టిన తరువాత బిడ్డను తరలించడం కన్న, బిడ్డను గర్భంలో ఉంచుకొన్న తల్లిని తరలించడమే ఎంతో సురక్షితం.

ప్రమాద అవకాశం ఎక్కువగా ఉన్న గర్భిణులలో బొడ్డుధమని డాప్లర్ పరీక్షను వాడినప్పుడు పుట్టుకకు అటూ ఇటూ జరిగే శిశు మరణాలు సుమారు 29 శాతం తగ్గినట్లు పలు దేశాల ప్రయోగాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష తెలిపింది. ఏ చిక్కూ లేని గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయడం వల్ల అటువంటి మేలు కలుగుతున్నట్లు మాత్రం రుజువు కాలేదు. కాబట్టి నెలనెలా డాప్లర్ చేయించుకొనడం గొప్ప అనుకోవడం పొరపాటు, అవసరమున్నవారికి చేయకపోవడం అంతకన్న పెద్ద పొరపాటు. అతిధ్వనులు ఎక్స్‌రేల వంటివి కావు. ఐనా డాప్లర్ పద్ధతిలో శక్తి ఒకే చోట కేంద్రీకృతమై కణజాలం కొద్దిగా వేడెక్కే అవకాశం ఉన్నందున, తొలి మూడు నెలల్లో తగిన కారణం లేకుండా దీనిని వాడరు.

ఈ యంత్రానికి మన దేశంలో ఒక చట్టం కాపలా ఉంది. స్కానింగును ఆడపిల్లలను గర్భంలోనే తుదముట్టించడానికి దుర్వినియోగం చేసినందువల్ల 1994లో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం వచ్చింది. అది 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. పరీక్ష చేసే కేంద్రం రిజిస్టరై ఉండాలి. ప్రతి గర్భిణి వివరాలు, పరీక్షకు కారణం నిర్ణీత ఫారంలో నమోదు కావాలి. డాప్లర్ పరీక్షకూ ఇది వర్తిస్తుంది. చేతితో మోసుకొనిపోగల స్కానింగు యంత్రాన్ని కూడా ఊరూరా తిప్పడానికి వీలులేదు. ఆసుపత్రి ఆవరణలోనో, అనుమతి పొందిన సంచార వైద్యశాలలోనో మాత్రమే వాడాలి. యంత్రం గర్భిణి వద్దకు రాలేదు కనుక గర్భిణియే యంత్రం వద్దకు పోవాలి. ఆ ప్రయాణభారం మందస కొండల దిగువనున్న తల్లి మీదనో, వజ్రపుకొత్తూరు తీరంలోని మత్స్యకార స్త్రీ మీదనో పడుతున్నదంటే, దానికి కారణం చట్టం కాదు. ఆ చట్టం అవసరమయ్యేటట్లు ప్రవర్తించిన సమాజమే.

ఈ పరీక్ష అవసరం ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఉంది. నిమ్మాడకు ఈశాన్యంగా, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన కొబ్బరితోటల, జీడితోటల సీమ ఉద్దానం. దశాబ్దాలుగా అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎందరినో బలిగొంటున్నది. మధుమేహం, రక్తపోటు వంటి పరిచిత కారణాలేవీ లేనివారికి కూడా అది వస్తున్నది. ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదమిత్థమని ఒక్క కారణం తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు అందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి పొలంలో పనిచేసే పురుషులదే అని అనుకొంటాం గాని స్త్రీలనూ అది వదలలేదు. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్న స్త్రీకి ఆ సంగతి చాలాకాలం తెలియకపోవచ్చు. కాళ్లవాపును గర్భిణులకు మామూలే అని ఇంటిలోనివారు తేలికగా తీసుకోవచ్చు. కాని అటువంటి స్త్రీ గర్భవతి అయినప్పుడు రక్తపోటు విజృంభించడం, మాయకు రక్తం తగ్గడం, బిడ్డ ఎదగకపోవడం, నెలలు నిండకముందే కాన్పు రావడం వంటి ప్రమాదాలు ఇతరుల కన్న ఎక్కువ.

అందువల్ల ఈ సీమలో గర్భిణికి తొలి నెలల్లోనే రక్తపోటు చూడటం, మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిను పరీక్షించడం డాప్లర్ యంత్రం కన్న ముందుగా జరగవలసిన పనులు. వ్యాధి ఉన్నదని తెలిస్తే మూత్రపిండాల వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి చూడాలి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు తొలి నెలల నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిను ఇవ్వవచ్చు. నెలలు నిండకముందు వచ్చే గుర్రపువాతాన్ని అది చాలావరకు తగ్గించగలదని 2017లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగం తెలిపింది. అది వైద్యురాలు చెప్పి ఇవ్వవలసిన మందు గాని, దుకాణంలో కొని వేసుకొనే మాత్ర కాదు.

మన ఆచారాలలో ఒకటి ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. తొలిచూలు స్త్రీని ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో పుట్టింటివారు పురిటికి తీసుకొనిపోతారు. తల్లి దగ్గర విశ్రాంతి దొరకడం మంచిదే. ఐతే రక్తప్రవాహంలో మార్పులు బయటపడేది కూడా సరిగా ఆ నెలల్లోనే. డాప్లర్ పరీక్షలో ఒక్క కొలత కన్న వరుస కొలతల పోలిక ముఖ్యం. పోయిన వారం 0.65 ఉన్న సూచి ఈ వారం 0.8 అయిందంటే దానికి అర్థం ఉంది. పోయిన వారపు కాగితం అత్తవారింట పెట్టెలో ఉండిపోతే, సోంపేటలోనో నిమ్మాడలోనో కొత్తగా చూసే వైద్యురాలికి 0.8 అన్నది మాత్రమే కనిపిస్తుంది. చీరెసారెలతో పాటు తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగు రిపోర్టులు కూడా ఆ గర్భిణితో ప్రయాణం చేయాలి. పలాస నుంచి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి 200 కిలోమీటర్లకు దగ్గర దూరం. 108 వాహనం ఎక్కిన తరువాత రిపోర్టు కోసం వెనుకకు పోవడం సాధ్యం కాదు.

ఇక ఇంతమంది గర్భిణులలో డాప్లర్ పరీక్ష ఎవరికి కావాలో గుర్తించేది ఎవరు? గ్రామంలోని ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. వారి చేతిలో ఉండే సాధనం దర్జీ వాడే టేపు వంటిదే. జఘనాస్థి పైఅంచు నుంచి గర్భాశయం పైకొస వరకు సెంటీమీటర్లలో కొలిస్తే, 24 నుంచి 36 వారాల మధ్య ఆ సంఖ్య ఇంచుమించు గర్భం వారాల సంఖ్యకు సమానంగా ఉంటుంది. 30 వారాల గర్భిణికి 26 సెంటీమీటర్లే వస్తే బిడ్డ చిన్నదా, ఉమ్మనీరు తక్కువా, తేదీ లెక్క తప్పిందా అన్నది స్కానింగు తేల్చాలి. బిడ్డ చిన్నదని తేలితే దానికి కారణం మాయలో ఉన్నదా అన్నది డాప్లర్ చెప్పాలి. బిడ్డ కదలికలు తగ్గాయని గర్భిణి చెప్పినా అంతే, మరునాటి దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. మూడు సెంటీమీటర్లో, అంతకు మించో తేడా కనిపించినప్పుడు ఆ అంకెను కార్డులో రాసి, కింద గీత గీసి, తేదీ వేసి గర్భిణిని టెక్కలికో శ్రీకాకుళానికో పంపిన ఏఎన్ఎం దగ్గర డాప్లర్ పరీక్ష నిజంగా మొదలవుతుంది.